చేతిపని విద్య: మువ్వురి బాధ్యత
(గుంటూరులో చేసిన ఉపన్యాసము)



1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన పెద్దలు విద్యార్థికి పుస్తకముతోపాటు పనిముట్టును గూడ నిచ్చిరి. పరప్రభుత్వము చేయని పనిని ప్రజలే చేసికొనిన కాలమది. నేడు ప్రభుత్వము మనది. అయినను చదివి వచ్చిన పిల్లవాని చేతికి పని వచ్చినదా యను ప్రశ్న యింకను తీరలేదు.

ఈ శిక్షణము ఒక్కరి యధీనమున లేదు. చేతిపనివారల శిక్షణ పథకమును కేంద్రము 1950లో ఆరంభించెను. 1956లో ఐ.టి.ఐ.ల నిత్యపరిపాలనము రాష్ట్రములకు వచ్చినది. పాఠ్యక్రమమును, పరీక్షను దేశమంతటికి నొక్క ప్రమాణమున నుంచుటకు అదే యేట జాతీయ మండలి యేర్పడినది. కావుననే మన పిల్లవాని యోగ్యతాపత్రము పూనాలోను చెల్లుచున్నది. ఇది మేలే. కాని ఢిల్లీలో వ్రాసిన పాఠము మన మైదానపు యంత్రమును పూర్తిగా నేర్పజాలదు.

జిన్నింగు మిల్లులో కత్తుల యమరిక తప్పెనా, గింజ పగులును, పింజ తెగును, ధర పడిపోవును. కోల్డు స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసరు చెడెనా, రైతు దాచుకొన్న మిరప రంగు మారును. ఆ వాయువు కారెనా, ప్రాణములకే ముప్పు. ఫిట్టరు తరగతి పునాది మాత్రమే వేయును. తక్కినది యంత్రము చెంతనే నేర్వవలెను.

అందులకే 1961 నాటి అప్రెంటిసుల చట్టమున్నది. 30 మందియు, అంతకు మించియు పనివారున్న సంస్థ నూటికి 2.5 మొదలు 15 వరకు అప్రెంటిసులను చేర్చుకొని తీరవలెను. 4 మొదలు 29 మంది వరకున్న సంస్థకు అది యిష్టము. చిక్కంతయు నిచ్చటనే! చిన్న మిల్లు చట్టమునకు చిక్కదు. పిల్లవానికి పనియు చిక్కదు.

దీనికి మార్గము చట్టముననే కలదు. పలువురు యజమానులు కలిసి శిక్షణ మీయవచ్చునని 8వ సెక్షను చెప్పుచున్నది. పత్తి వచ్చు శీతకాలమున జిన్నింగు మిల్లులోను, మిరప చేరు వేసవిలో కోల్డు స్టోరేజీలోను ఒక్క పిల్లవాడే పని నేర్వరాదా? రెండు వ్యాపారములకు నొక నిపుణుడు లభించును. వానికి ఏడాది పొడుగున పని దొరకును.

న్యాయవాదులమగుటచే తల్లిదండ్రులకు మేము మరియొకటి విన్నవింతుము. 18వ సెక్షను ప్రకారము అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు గాడు. అయినను పనిలో గాయపడినచో వానికి నష్టపరిహారపు హక్కు కలదు. శిక్షణానంతరము ఆ యజమాని కడనే పనిచేయవలెనని ఒప్పందమున నున్నచో, తగిన యుద్యోగము చూపవలసిన బాధ్యత యజమానిపైనను పడును. కనుక పత్రమును చదువక సంతకము చేయకుడు.

2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గము ఐ.టి.ఐ.ల యభివృద్ధికి 60,000 కోట్ల పథకము నంగీకరించెను. అందు కేంద్రపు వంతు 30,000, రాష్ట్రములది 20,000, పరిశ్రమలది 10,000 కోట్లు. ధనము మువ్వురిదైనపుడు బాధ్యతయు మువ్వురిదే. కలెక్టరు అధ్యక్షతన నుండు జిల్లా నైపుణ్య సంఘమున మన మిల్లుదారులు కూర్చుండి, ఏ పనికి ఎందరు కావలెనో ఏటేట లెక్క చెప్పవలెను. ఆ లెక్కనుబట్టి రాష్ట్రము తరగతులు నడుపవలెను; కేంద్రము పాఠమును సవరింపవలెను.

పత్తి మనది, మిరప మనది. వానిని కాపాడు యంత్రవిద్యయు మన బిడ్డలది కావలెను. మిల్లు వాకిలి తెరువుడని యజమానులను కోరుచున్నాము.