కెమెరా దృశ్యములు గ్రామములోనే నిలువయుండవలెను
(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



బస్సు ఆగుచోట, దేవాలయము ముంగిట, పాఠశాల ద్వారమువద్ద, ఊరి పొలిమేరలో నేడు కెమెరాలు కానవచ్చుచున్నవి. కొన్ని పంచాయతీ నిధులతోను, కొన్ని దాతల విరాళములతోను, పోలీసువారి ప్రోత్సాహముతోను అమర్చబడినవి. పిల్లలు దూరదేశములలో ఉద్యోగములు చేయుచుండగా ఇంట ఒంటరిగా నున్న పెద్దలు పలువురు తమ వాకిళ్లకును వీనిని పెట్టించుకొనిరి. ఈ కెమెరాలలో అనేకములకు వయస్సు మీరుచున్నది. వానిని తయారుచేసిన సంస్థలు పాత రకములకు మద్దతు విరమించుకొనుచున్నవి. అట్టి కెమెరాల దృశ్యములను గ్రామములోనే భద్రపరచు మార్గములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

మద్దతు అనగా నేమి?

కెమెరా కన్ను వంటిది; దృశ్యము నిలువయుండు చోటు గాదె వంటిది. కొన్ని కెమెరాలకు గాదె మన యింటిలోనే యుండును. మరికొన్నింటికి అది ఎక్కడో దూరమున సంస్థవారి సర్వర్లలో నుండును. దానినే క్లౌడు అనుచున్నారు. సంస్థ ఆ సర్వర్లను నడుపుట, కెమెరాలోని సాఫ్ట్‌వేరు లోపములను సవరించుట, మన ఫోనులోని యాప్ పనిచేయునట్లు చూచుట - ఈ మూడును కలిపి మద్దతు. అది ఆగిన నాడు కన్ను చెడకపోయినను గాదె తలుపు మూతపడవచ్చును.

ఇందుకు అమెరికాలోని డ్రాప్‌కామ్ కెమెరాల కథ మంచి నిదర్శనము. వీనిలో మెమరీ కార్డు పెట్టుటకు చోటు లేదు. దృశ్యములన్నియు సంస్థ సర్వర్లలోనే నిలువయుండెడివి. 2014లో ఈ సంస్థను గూగులునకు చెందిన నెస్ట్ కొనెను. 2024 ఏప్రిల్ 8న ఈ కెమెరాలకు మద్దతు నిలిపివేయబడెను. అద్దము పగులలేదు, తీగ తెగలేదు. అయినను అవి ఆ దినముతో నిరుపయోగములైనవి. ముందుగా హెచ్చరిక యిచ్చిన మాట నిజమే. కాని ఆలోపల తమ దృశ్యములను దించుకొనని వారికి పాత దృశ్యములు దక్కలేదు. పరుల గాదెలో పోసిన ధాన్యమునకు తాళముచెవి పరుల చేతనే యుండును గదా!

మన కెమెరా ఏ రకమో ముందు తెలిసికొనవలెను

మొదటి రకము, లావుపాటి కేబులుద్వారా డీవీఆర్ పెట్టెకు కలుపబడినవి. వీని దృశ్యములు ఆ పెట్టెలోని హార్డ్ డిస్కులోనే యుండును. సంస్థ మద్దతు ఆగినను రికార్డింగు ఆగదు. ఫోనులో చూచు సదుపాయము మాత్రము పోవచ్చును. రెండవ రకము, నెట్‌వర్కు తీగతోగాని వైఫైతోగాని పనిచేయు ఐపీ కెమెరాలు. వీనిలో ఆన్‌విఫ్, లేక ఆర్‌టీఎస్‌పీ అను పద్ధతులున్నచో, సంస్థ ఏదైనను, వేరొక సంస్థవారి రికార్డరునకు సాధారణముగా కలుపవచ్చును. మూడవ రకము, క్లౌడు తప్ప వేరు గతిలేనివి. ఈ మూడవ రకమును క్రమముగా తొలగించుటయే మేలు. మొదటి రెండు రకములను పాతవని పారవేయుట ప్రజాధనమును వ్యర్థపరచుటయే యగును.

భద్రపరచుటకు మూడు మార్గములు

అన్నిటికంటె చౌక మార్గము కెమెరాలోనే మెమరీ కార్డు పెట్టుట. ఒక్క కెమెరాగల ఇంటికిది చాలును. కాని కార్డుపై మరల మరల వ్రాయుటచేత అది అరిగిపోవును. కావున నిరంతర రికార్డింగునకై చేయబడిన హై ఎండ్యూరెన్స్ కార్డునే కొనవలెను. దొంగ కెమెరాను పెరికికొనిపోయినచో సాక్ష్యమును వానితోనే పోవును. ఇది గుర్తుంచుకొనదగినది.

రెండవ మార్గము రికార్డరు. కేబులు కెమెరాలకు డీవీఆర్, ఐపీ కెమెరాలకు ఎన్‌వీఆర్ అని పేరు. నాలుగైదు కెమెరాలు గల పంచాయతీకి ఇదియే తగినదని మా అభిప్రాయము. దీనిలో రాత్రింబవళ్లు వ్రాయుటకై ప్రత్యేకముగా చేయబడిన సర్వైలెన్స్ హార్డ్ డిస్కును వేయించవలెను. మూడవ మార్గము, పాత కంప్యూటరులో ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరును వేసి దానినే రికార్డరుగా వాడుకొనుట. గ్రామములో తెలిసిన యువకులున్నచోట ఇది మంచిదే. కాని ఆ యువకుడు ఊరు విడిచిన పిదప దానిని నడపువారెవరో ముందే ఆలోచింపవలెను.

ఎంత చోటు కావలెను?

లెక్క సులభము. సెకనుకు 2 మెగాబిట్లు వ్రాయు కెమెరా ఒక దినమునకు సుమారు 21.6 గిగాబైట్లు వ్రాయును. 128 గిగాబైట్ల కార్డు 6 దినములకు మించి చాలదు. నాలుగు కెమెరాలకు 30 దినములకైనచో సుమారు 2.6 టెరాబైట్లు కావలెను. కావున 4 టెరాబైట్ల డిస్కు సరిపోవును. ముప్పది దినములని ఏల చెప్పుచున్నామన, 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టము జనులు గుమిగూడు సంస్థలు 30 దినముల దృశ్యములను భద్రపరచవలెనని విధించినది. మన వీధి కెమెరాలకును అది మంచి కొలబద్దయే.

విద్యుత్తు పోయినపుడు రికార్డరు ఆగకుండుటకు యూపీఎస్ ఉండవలెను. ఇంటర్నెట్ లేని రికార్డరులో గడియారము క్రమముగా తప్పును. నెలకొకసారి సరిచూచి దిద్దవలెను. పది నిమిషములు తప్పిన గడియారము నిజమైన దృశ్యమునుకూడ సందేహాస్పదము చేయును.

కంచె చేను మేయకుండవలెను

మద్దతు పోయిన కెమెరాలోని లోపములను సవరించువారుండరు. 2016లో మిరాయ్ అను దుష్ట సాఫ్ట్‌వేరు, తయారీనాటి పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రికార్డరులను వేలకు వేలుగా వశపరచుకొనెను. ఆ సంవత్సరము అక్టోబరు 21న వానిచేత సాగించిన దాడివలన అమెరికాలో పలు ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందలేదు. కావలికి పెట్టిన కన్నే పరులకు పనిముట్టయినది. కావున పాస్‌వర్డును మార్చుడు. పాత కెమెరాలను ఇంటర్నెట్‌నుండి వేరుచేసి, రికార్డరుతో మాత్రమే మాటలాడునట్లు అమర్పించుడు.

సాక్ష్యము, మర్యాద

దొంగతనము మోపబడిన నిరపరాధి యొకడు ఆ రాత్రి ఆ వీధికి రాలేదని చెప్పగల సాక్షి ఒక్కొక్కపుడు ఈ దృశ్యమే కావచ్చును. వాహనము ఢీకొని రోడ్డుపై పడిన కూలివాని కుటుంబమునకు పరిహారము దక్కుటయు దీనిపై ఆధారపడవచ్చును. పాత దృశ్యములపై క్రొత్తవి తమంత తామే వ్రాయబడును. సంఘటన జరిగిన వెంటనే ఆ భాగమును వేరొక డిస్కులోనికి ఎత్తి, తేదీ, వేళ, ఎత్తినవారి పేరు రిజిస్టరులో వ్రాయవలెను. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు ధ్రువపత్రమును కోరుచున్నది. హాష్ విలువ అను అంకెల ముద్రయు అందు చూపవలెను. అసలు రికార్డరును కదపక, పోలీసువారి సూచనల ననుసరించుట క్షేమము.

దృశ్యములు మన చేతికి వచ్చినపుడు బాధ్యతయు మన చేతికే వచ్చును. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. నీటికి పోవు ఆడువారి రాకపోకలను, పొరుగువారి వాకిళ్లను వేడుకకు చూచుట తగదు. సర్పంచి యైనను కారణము వ్రాయక చూడరాదు.

మనము చేయవలసిన పని

రానున్న సమావేశములో ఈ విషయమును చర్చకు తీసికొనుడు. గ్రామములోని కెమెరాల జాబితా వ్రాయించుడు: ఏ రకము, ఏనాడు కొన్నది, దృశ్యము ఎక్కడ నిలువయున్నది. క్లౌడులో నున్న అవసరపు దృశ్యములను గడువులోపలనే దించుకొనుడు. రికార్డరునకు తాళముగల బీరువాను, దానికొక బాధ్యుని నియమించి తీర్మానము చేయుడు. నెలకొకసారి నిన్నటి దృశ్యమును తెరచి చూచి, అది నిజముగా వ్రాయబడినదా యని పరీక్షింపుడు. పనిచేయుచున్నదనుకొన్న రికార్డరు నెలల క్రిందటనే ఆగినదని ప్రమాదము జరిగిన పిదప తెలియుట కంటె విచారకరమైనది లేదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దల మాట. క్రొత్త కెమెరాలు కొనుటకు ముందు పాత కెమెరాలకు గ్రామములోనే గాదెను కట్టుకొందము. తాళముచెవిని మనవద్ద నుంచుకొని, దానిని ధర్మముగా వాడుదము.