రెండు గడియారముల ఇల్లు
(విశ్వావసు సంవత్సరాదినాడు, 30-3-2025 ఆదివారము సాయంత్రము, ధర్మపురిలో జరిగిన మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి "ఉగాది సభలో పది నిమిషములు నీవు కూడా ఏమైనా మాట్లాడవలె" అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. నేను పదవ తరగతి, అనగా మన పెద్దలు మెట్రిక్ అనేది, అంతవరకే చదివినవాడిని. మా నాయనగారు సర్వీసులో ఉండగానే పోయినందున రైల్వేలో నాకు ఉద్యోగమిచ్చినారు. తరువాత డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తానై టికెట్ల కిటికీలో కూర్చున్నాను. సాహిత్యము మీద మాట్లాడే శక్తి నాకు లేదు. కాని జరిగిన సంగతి జరిగినట్లు చెప్పమంటే చెప్పగలను. అందుచేత ఈ నెల 10వ తేదీ సోమవారము మా ఇంట్లో గడిచిన ఒక్క దినము సంగతి చెప్పబోతున్నాను. విసుగు పుడితే చప్పట్లు కొట్టండి, ఆపివేస్తాను.

మా ఇంట్లో మేము నలుగురము. మా అమ్మ, నేను, నా భార్య, మూడవ తరగతి చదివే మా అబ్బాయి. నా భార్య బి.కాం. చదివింది, నాకంటె ఎక్కువ చదువు. జీతమూ నాకంటె ఎక్కువే. ఈ మాట సభలో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, మొదట్లో కొంచెము ఉండేది. పెళ్ళికి ముందు ఆమె బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేసేది. అమెరికాలోని ఆసుపత్రుల బిల్లులు సరిచూచి ఇన్సూరెన్సువారికి పంపే పని. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన తరువాత మానుకోవలసి వచ్చింది. ఇక్కడినుంచి బెంగళూరు సుమారు 130 కిలోమీటర్లు. దినమూ పోయి రావడము ఎవరివల్ల అవుతుంది? 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చి ఆఫీసులన్నీ ఇళ్ళలోకి చేరిన తరువాతనే ఆ ఉద్యోగము మళ్ళీ ఆమెను వెదుక్కుంటూ ధర్మపురికి వచ్చింది. గనుక ఇంటినుంచి చేసే ఉద్యోగమును తిట్టడానికి నేనిక్కడ నిలబడలేదు. దాని అన్నము మేము తింటున్నాము.

మీకు ఒక చిన్న విశేషము. ఇంతకు ముందు వచ్చిన విశ్వావసులోనే, 1965 అక్టోబరు 2న, మన ధర్మపురి సేలం జిల్లానుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. అంతకు పూర్వము కలెక్టరాఫీసులో చిన్న కాగితము పని పడినా సేలం పోవలసిందేనని మా తాతగారు చెప్పేవారు. ఆఫీసు కోసము మనిషి ఊరు దాటి పోయిన కాలమది. అరవై ఏండ్లు తిరిగేసరికి ఆఫీసే మనిషిని వెదుక్కుంటూ వంటింటి పక్క గదికి వచ్చింది. వచ్చినది వచ్చినట్లు కూర్చుంటే బాగుండేది. అది లేవడము లేదు, అదే చిక్కు.

ఆ సోమవారము నాకు వారపు రెస్టు. రెస్టు అన్న మాట రైల్వేవారిది. ఇంట్లో దానికి వేరే అర్థమున్నది. ముందునాటి రాత్రే నా భార్య ఒక నోటుపుస్తకము కాగితము మీద పదకొండు పనులు వ్రాసి నా చొక్కా జేబులో పెట్టింది. పాలు, రేషను, బ్యాంకులో అమ్మ ఫ్యామిలీ పెన్షను పుస్తకములో పద్దులు వేయించడము, గ్యాసు, అబ్బాయి చెప్పులకు కుట్టు, ఏడాదికి సరిపడే చింతపండు, ఇట్లా. అది మాసానికొకసారి కరెంటువారు లైనులు బాగుచేసే దినము. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రము అయిదువరకు మా వీధికి కరెంటు లేదని పత్రికలో వేసినారు. అందుచేత కాగితములో అన్నిటికంటె పైన, కింద గీత గీసి, "ఇన్వర్టరు బ్యాటరీకి డిస్టిల్డు వాటరు, తొమ్మిదిలోపల" అని ఉన్నది.

ఆరు గంటలకు కొళాయిలో హొగేనకల్ నీళ్ళు వచ్చినవి, పట్టినాను. మన జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి మీకు తెలియనిది కాదు. 2013లో ఆ పథకము మొదలైన తరువాతనే కావేరి నీరు మన బిందెల్లో పడింది. ఆ నీళ్ళు వచ్చే వేళ తప్పితే మళ్ళీ ఎప్పుడో అన్న భయము మాత్రము పోలేదు. తరువాత రేషను దుకాణము. అక్కడ వేలిముద్ర యంత్రము నా వేలును గుర్తించడానికి నాలుగుసార్లు ఆలోచించింది. ఆ తరువాత బ్యాంకు, చెప్పులు.

చింతపండు దగ్గర మాత్రము తీరుబడిగా నిలబడినాను. మాసి, పంగుని నెలలలో మన ఊరి చింతపండు బజారు చూడవలసినదే. గోతముల వాసనకే నోరూరుతుంది. మా అమ్మ పిక్క తీసినది కొనవద్దన్నది. పిక్కతో కొని, ఇంట్లో కూర్చుని తానే కొట్టి తీస్తుందట. ఆమెకు అది పని కాదు, కాలక్షేపము. బేరమాడి కొని, తలమీద పెట్టించుకుని ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. కాగితము తీసి చూస్తే పదకొండులో తొమ్మిది కొట్టివేసి ఉన్నవి. మిగిలిన రెండింటిలో ఒకటి గ్యాసు. రెండవది, గీత గీసినది.

నేను ఏమీ మాట్లాడలేదు. ఆమెకు అడగడానికి తీరిక లేదు, చెవులలో తీగెలు పెట్టుకుని ఎవరితోనో లెక్కలు చెబుతున్నది. నేను భోజనము చేసి పడుకున్నాను. మూడు గంటలకు ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయింది. ఫ్యాను నిలిచింది, ఇంటర్నెట్టు పోయింది. నేను లేచి చూచేటప్పటికి ఆమె ఫోనుతో కంప్యూటరుకు ఇంటర్నెట్టు కలిపి, కిటికీ దగ్గరికి పోయి, చెమట తుడుచుకుంటూ పని చేస్తున్నది. అప్పుడు బజారుకు పరుగెత్తి ఆ నీళ్ళ డబ్బా తెచ్చినాను. కరెంటు అయిదుకు వచ్చింది, డబ్బా అవసరము లేకపోయింది.

ఇక సినిమా. మా అమ్మ పుట్టినిల్లు కుప్పము పక్క పల్లె. తెలుగు బొమ్మ అంటే ఆమెకు ప్రాణము. మన ఊరికి తెలుగు చిత్రములు వచ్చినా చాలావరకు అరవ మాటలు పెట్టించుకుని వస్తవి. ఆమెకు అరవము రాక కాదు. "ఆ పెదవులొకటి చెబుతవి, మాటలొకటి చెబుతవి, నాకు తల తిరుగుతుంది నాయనా" అంటుంది. 1931లో వచ్చిన "కాళిదాస్" తొలి తమిళ టాకీ అంటారు గాని, అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళములో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబు చెప్పినాడట. ఇప్పుడు వింటే వింత. మా ఇంట్లో అబ్బాయి అరవములో అడిగితే మా అమ్మ తెలుగులో జవాబు చెబుతుంది, అది ఎవరికీ వింతగా లేదు.

ఆ వారము ఒక తెలుగు చిత్రము తెలుగు మాటలతోనే వచ్చింది. మా నాయనగారు పోయిన తరువాత అమ్మ సినిమాహాలు గడప తొక్కలేదు. నా భార్యే "అత్తను తీసుకుపోదాము" అన్నది. ఆమెకు సోమవారము రాత్రి తొమ్మిదికి అమెరికావారితో ఒక మీటింగు ఉంటుంది. ఆరుంబావు ఆటకు పోతే ఎనిమిదిన్నర దాటి వదులుతారు, తొమ్మిదిలోపల ఇల్లు చేరవచ్చునని లెక్క వేసింది. టికెట్లు ఫోనులో కొనవచ్చు గాని నేను కిటికీకే పోయినాను. సంవత్సరమంతా లోపల కూర్చునేవాడికి ఒకసారి బయట నిలబడి చిల్లర సరిగా ఇచ్చినాడా అని చూడడములో ఉన్న సంతోషము వేరు.

ఆట మొదలైంది. అమ్మ మొదటి పాటకే చీర చెంగు నోటికి అడ్డము పెట్టుకుని నవ్వుతున్నది. ఇంటర్వెల్లు అయింది. మళ్ళీ దీపములు ఆరిన కొంతసేపటికి నా భార్య ఒడిలో ఫోను వణికింది. ఆమె చూచి, "అయ్యో" అని మాత్రము అని, లేచి పోయింది. అప్పుడు సరిగా ఎనిమిది గంటలు.

జరిగినదేమంటే, అమెరికావారు మార్చి రెండవ ఆదివారమునాడు గడియారములు గంట ముందుకు తిప్పుతారు, నవంబరులో వెనక్కు తిప్పుతారు. 9వ తేదీ ఆదివారము తిప్పినారు. న్యూయార్కులో వారికి పదిన్నర ఎప్పటివలెనే పదిన్నర. మనకు మాత్రము రాత్రి తొమ్మిది కావలసినది ఎనిమిది అయింది. రైల్వేవాడిని గనుక కాలము సంగతి నాకు కొంత తెలుసు. 1906కు పూర్వము మన రైళ్ళు మద్రాసు కాలముతో నడిచేవి. అది ఇప్పటి మన కాలానికి తొమ్మిది నిమిషములు వెనుక. ఆ సంవత్సరము జనవరి 1న దేశానికి ఒకే కాలమని పెట్టినారు. అదే 1906లో మొరప్పూరునుంచి మన ధర్మపురికి చిన్న రైలు కూడ వచ్చింది, 1941లో పోయింది. ఇంత దేశానికి ఒక్క గడియారము చాలింది. మా నలుగురి ఇంటికి రెండు కావలసి వచ్చినవి, రెండవది ఎప్పుడు తిరుగుతుందో మా చేతిలో లేదు. గంట మారిందని శనివారమే ఆమెకు తాఖీదు వచ్చిందట. పోయిన ఏడు కూడా మారింది. ఆనాటి కరెంటు గొడవలో మనసుకు తట్టలేదు. ఆ గొడవలో సగము నాదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

పది నిమిషములు చూచి అమ్మ "అమ్మాయికి ఒంట్లో బాగలేదేమో" అని తానూ లేచి పోయింది. ఇంకొక పావుగంట గడిచింది. ఇద్దరూ రాలేదు. మా పక్క వరుసలో తెలిసినవారుంటే అబ్బాయిని చూడమని చెప్పి నేను బయటికి వచ్చినాను.

మేడమెట్ల మీద, గోడకు అంటించిన బొమ్మ కింద, ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నా భార్య చెవిలో తీగె. మోకాలి మీద కాగితము పెట్టుకుని, ఇంగ్లీషులో మెల్లగా అంకెలు చెబుతూ వ్రాసుకుంటున్నది. ఆ కాగితము నా పదకొండు పనుల కాగితము, వెనుక పక్క. మెట్ల దగ్గర వెలుతురు చాలదు. మా అమ్మ తన చిన్న ఫోనులోని దీపము వెలిగించి ఆ కాగితము మీదికి పట్టుకుని ఉన్నది. నేను "ఏమమ్మా" అని నోరు తెరిచేసరికి అమ్మ నావైపు చూడకుండానే చెయ్యి ఊపింది, మాట్లాడవద్దని.

ఈ అమ్మే అయిదేండ్లుగా, "పొద్దస్తమానము ఆ పెట్టె ముందు కూర్చుని ఎవరితోనో నవ్వుతుంది, పిలిస్తే చెయ్యి ఊపుతుంది" అని నాతో అన్నది. నేనూ ఆమెకు మారు చెప్పినవాడిని కాను. ఆనాడు ఆ చెయ్యి ఊపడము చూచి నేను మూడు మెట్లు దిగి కూర్చున్నాను.

మీటింగు ముగిసేసరికి ఆట కూడా ముగిసింది. నడిచి వస్తూ ఉంటే నా భార్య, "అత్తా, మిమ్మల్ని సినిమాకని తెచ్చి మెట్లమీద కూర్చోబెట్టినాను" అన్నది. అమ్మ, "బొమ్మ మళ్ళీ చూడవచ్చులే. ఆ దొర అడిగినదే ఎందుకన్నిసార్లు అడుగుతాడు? అది పోనీ, మధ్యాహ్నము నువ్వు తిన్నావా?" అన్నది.

తినలేదు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. భోజనము చేసి, పక్క గదిలో నిద్రపోయినాను. అమ్మ చింతపండు కొట్టుకుంటూ వాకిట్లో ఉన్నది. గిన్నెలో అన్నము అట్లాగే ఉన్నది.

కిటికీలో నా పని ఎట్లా ముగుస్తుందో చెబుతాను. టైమయితే నగదు లెక్క చూచి, తరువాతి వానికి అప్పగించి, సంతకము చేసి లేస్తాను. ఆ తరువాత నన్ను టికెట్టు అడిగేవాడు లేడు. నాకు వారమునకు 48 గంటల రోస్టరు. ఆమె ఎక్కడ సంతకము చేసి లేస్తుంది? ఆ రాత్రి అది అడిగితే ఆమె నవ్వి, "నాకు రిలీవరెవరు?" అన్నది.

మరునాడు ఒక నోటుపుస్తకము తెచ్చి గీతలు గీసి ఇచ్చినాను, వచ్చిన గంట, లేచిన గంట, సంతకము. మొదట ఆటగా తీసుకున్నది. వారము తిరిగేసరికి కూడినాను. కూడికలలో నేను తప్పు చేయను. ఆరు దినములకు 58 గంటలు, అందులో రాత్రి ఎనిమిది తరువాతివి తొమ్మిది. ఆ లెక్క ఆమె తన పైవారికి పంపింది. వారు బెదిరించలేదు, బ్రహ్మరథము పట్టలేదు. సోమవారపు మీటింగుకు నలుగురు వంతులు వేసుకోవచ్చునన్నారు. వచ్చే నెలనుంచి ఆమెకు నాలుగు సోమవారములకొకటి పడుతుంది. అంతే.

గోడమీద రెండవ గడియారము కూడా పెట్టినాము. మా అబ్బాయికి దాని పేరు "అమ్మ గడియారము". మధ్యాహ్నము ఒంటిగంటకు అమ్మ చింతపండు సుత్తి కింద పెట్టి, పళ్ళెములో అన్నము పెట్టుకుని ఆ గదిలోకి పోతుంది. అప్పుడు చెయ్యి ఊపినా లెక్కచేయదు.

ఆ చిత్రము రెండవ సగము మాకెవరికీ తెలియదు. చూచినది అబ్బాయి ఒక్కడే. వాడు సగము తెలుగు, సగము అరవము కలిపి చెప్పిన కథలో నాయకుడు చచ్చినాడో బ్రతికినాడో ఇప్పటికీ తేలలేదు. మళ్ళీ పోదామనుకునేలోపల ఆ బొమ్మ మారిపోయింది.

నేడు ఆదివారము గనుక మా ఇంటివారందరూ ఇక్కడే ఉన్నారు. ఈ సంగతి చెబుతానని నేను వారికి ముందుగా చెప్పలేదు. రెండవ వరుసలో మా అమ్మ నావైపు చెయ్యి ఊపుతున్నది.