జైలు గేటు దాటిన తర్వాత

(న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ వచ్చిన అయిదేండ్లకు, 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర దిశ మీద జరిగిన ఘోరాన్ని మనం మరువలేదు. డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లినం. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చిన్రని 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చింది. ఎన్‌కౌంటర్ అంటే ఏందో ఎరిగిన గడ్డ మనది. అయినా ఆ రోజు చప్పట్లు కొట్టినం.

ఆ కోపం అబద్ధం కాదు. కానీ ఇసొంటి నేరాలు చేసేటోళ్లలో ఎక్కువమంది బాధితులకు తెలిసినవాళ్లే. శిక్షపడ్డవాళ్లలో చాలామంది ఏదో ఒకనాడు బయటికొస్తరు. చర్లపల్లి జైలు గేటు దాటిన మనిషి ఎక్కడికి పోతడు? మన బస్తీకే గదా!

1994లో కెనడాలోని హామిల్టన్ పట్టణానికి ఇదే చిక్కు వచ్చింది. పిల్లల మీద నేరాలు చేసిన ఒకతను శిక్ష మొత్తం అనుభవించి విడుదలైండు. శిక్ష పూర్తయింది కాబట్టి పెరోల్ నిఘా లేదు. జనం భగ్గుమన్నరు. అప్పుడు ఒక మెనోనైట్ పాస్టర్ తన చర్చివాళ్లను కొందరిని కూడగట్టి అతని చుట్టూ నిలబెట్టిండు. మంచిచెడ్డ అడుగుడు, ఎక్కడ తిరుగుతున్నవని నిలదీసుడు, రెండూ వాళ్లే. ఆ పద్ధతికి 'సర్కిల్' అని పేరొచ్చింది. నలుగురైదుగురు వలంటీర్లు, వాళ్ల వెనుక సైకాలజిస్టులు, పోలీసులు. అమెరికాలోని మిన్నెసోటాలో లాటరీ తీసినట్టు కొందరికి సర్కిల్ ఇచ్చి, కొందరికి ఇయ్యకుండ పోల్చి చూసిన్రు. సర్కిల్ ఉన్నవాళ్లు మళ్లీ అరెస్టయ్యుడు బాగా తగ్గినట్టు 2018లో తేలింది.

అట్లని కౌన్సెలింగ్ అంటే చాలు అంతా అయిపోతదనుకోవద్దు. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లల్ల ఏండ్ల తరబడి నడిచిన చికిత్స కార్యక్రమం లెక్క 2017లో బయటపడ్డది. చికిత్స పొందినవాళ్లలో 10 శాతం, పొందనివాళ్లలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేసిన్రు. దాన్ని ఆపేసిన్రు. మన దగ్గర ఏ సర్కారు పథకాన్నైనా ఇట్ల తూకమేసి ఆపిన్రా?

మరి బాధితురాలి సంగతేందని అడుగుతరు. అడగాలె. ఆమె ఇంటి దిక్కు పోవద్దనే షరతు కోర్టు పెట్టాలె. ఈ మనిషిని నేరం దిక్కు నెట్టేది తాగుడా, ఒంటరితనమా, పిల్లలుండే చోట దొరికిన కొలువా అన్నది సైకాలజిస్టు చెప్పాలె. ఆ మాట ఫైల్లనే ఉండకుండ కోర్టు షరతుల్లకు రావాలె. 2018లో దేశమంతటికి లైంగిక నేరస్థుల డేటాబేస్ పెట్టిన్రు. 2019లో పోక్సో చట్టంలో ఉరిశిక్ష చేర్చిన్రు. పేరు రాసుకునుడు, ఉరి అనుడు అయినయి. నడుమనున్న పని మిగిలింది.

మీలో లా చదివేటోళ్లు, సైకాలజీ చదివేటోళ్లు ఒక్కకాడ కూసోండ్రి. విడుదలయ్యే మనిషికి మొదటి ఆర్నెల్లు ఏ షరతులుండాలె, ఎవరు కలవాలె, బాధితురాలికి ముందుగాల ఎవరు కబురు చెప్పాలె, రాసి తెండ్రి. వచ్చే సభలో దాన్నే చర్చకు పెడదాం.