చెఱువువంటి సంఘము

(విడపనకల్లులో జరిగిన మన సంఘ వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న మాబోటివారికి ఇంతటి సభలో మాటలాడు నవకాశ మొసగుట మీ సౌజన్యము. మాకు తెలిసినవి కొంత సంస్కృతము, కొంత తెలుగు, ఈ సీమలోని పిల్లల ముఖములు. ఈ మూటిని ఆధారము చేసికొని, మన సంఘ మెట్లుండిన మేలో మాకు తోచినంత విన్నవింతుము. రేపటి కార్యనిర్వాహకసభలో నిధిని గూర్చి నిర్ణయము జరుగనున్నది గావున మా మాటలు కేవలము సభాలంకారములు గాక, ఆ నిర్ణయమునకు కొంచెమైన నుపకరింపవలెనని మా కోరిక.

కడపమండలమునందలి పోరుమామిళ్లలో నొక పెద్ద చెఱువు కలదు. విజయనగరప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369వ సంవత్సరమున సంస్కృతములో శిలాశాసనము వేయించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలివారును నూఱు బండ్లును ఆ కట్టపై పనిచేసినట్లు శాసనమే చెప్పుచున్నది. అంతటితో నూరకుండక, మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెఱువును చెఱచు నాఱు దోషములను అది లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరు ఊరిపోవుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పాఱవలసిన పొలము పెద్దదగుట, నీరు మిక్కుటమై పొలము చిన్నదగుట: ఇవి యాఱును దోషములు. ఈ దోషములు చెఱువునకే గాదు, మనుష్యుల సంఘమునకును చెల్లునని మాకు తోచినది. అందును కఱవుసీమవారమైన మనకు చెఱువుకంటె చక్కని పోలిక వేఱొకటి లేదు.

మొదట చవిటినేలను గూర్చి చెప్పెదము. నీరున్నను త్రాగుట కక్కఱకు రాకుండుట ఈ సీమ దౌర్భాగ్యము. మేము బోధించిన తరగతులలో నవ్వవలసివచ్చినపుడెల్ల నోటి కడ్డముగ చేయి పెట్టుకొను పిల్లలను ఎందఱనో చూచితిమి. అది సిగ్గరితనము గాదు, పండ్లపై గోధుమవర్ణపు మచ్చలు. భూగర్భజలములోని ఫ్లోరైడు దానికి కారణము. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించినచో హాని యని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయము. చిన్ననాట పండ్లకు పట్టిన యీ దోషము పెద్దతనమున ఎముకలకు ప్రాకి, మెడ తిరుగక, నడుము వంగక, కష్టజీవిని మూలకు చేర్చును. మన దేశమున ఈ వ్యాధిని వైద్యులు మొట్టమొదట గుర్తించి ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు మండలముననే. తొంబది యేండ్లు కావచ్చినను ఇంకను మన యిండ్లలో కొందఱు దీనిని పూర్వకర్మ మనుకొనుచున్నారు. మఱికొందఱు నీటిని కాచి త్రాగిన చాలు ననుకొందురు. కాచిన నీటిలో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో అది గాఢమగును. పటికయు సున్నమును కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు. నది నీరు కలదు. ఇంటికప్పుపై పడిన వాననీరు కలదు. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వారు 1995 ప్రాంతమున ఈ జిల్లాలోని ఏడువందలకు పైబడిన గ్రామములకు మంచినీరు తెచ్చి, ఇది మానవసాధ్యమే యని చూపిరి. పాలును రాగియు ఉసిరికయు చక్కగ తినగలవారిని ఈ వ్యాధి అంతగా బాధింపదని వైద్యులు చెప్పుదురు. అనగా ఒకే బావినీరు త్రాగినను పేదవాని యెముకనే అది ముందుగ విఱుచును. కావున ఆరోగ్యము వేఱు, న్యాయము వేఱు అనుకొనుట పొరపాటు.

ఇక సరిహద్దు దోషము. విడపనకల్లు వారికి దీనిని వివరింప నక్కఱలేదు. ఒక పూటలో బళ్లారికి పోయి బేరము చేసికొని రాగలము. తెలుగున మొదలిడిన మాటను కన్నడమున ముగింపగలము. 1882లో బళ్లారినుండి వేఱుపడి అనంతపుర మొక జిల్లా యైనది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. 2022లో అనంతపురము సైతము రెండు జిల్లాలైనది. పటముపై గీతలు మాఱుచున్నవి గాని బంధుత్వములు మాఱలేదు. శాసనకర్త సరిహద్దును దోషమని యేల చెప్పెనో యూహింపవచ్చును: ఇరువురి దైన చెఱువును ఇరువురును మరమ్మతు చేయరు. అయినను ఈ దోషమును జయించు మార్గమును కన్నులార చూచితిమి. 2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. ఎగువ కాలువ నీటిని నమ్మిన మన రైతులు ఆ వారము కంటికి కునుకు లేక యుండిరి. కన్నయ్యనాయుడుగారను వృద్ధ ఇంజనీరుగారి సూచనలతో, పాఱుచున్న నీటి నడుమనే ఉక్కుపలకలను దింపి, సుమారు వారము దినములలో ఆ ద్వారమును మూసిరి. ఆ సాహసమున కన్నడిగులు, తెలుగువారు కలసి పాల్గొనిరి. గొలుసొకటి తెగిన మూడు రాష్ట్రములు వణకినవి. చేతులు కలిసిన మూడు రాష్ట్రములు నిలిచినవి. మన పిల్లలు బెంగుళూరునకు కూలికి పోయినను, కొలువునకు పోయినను, వారికొక చిరునామా, ఒక చేయూత అచ్చట నుండవలెను. సరిహద్దు కావలనున్న మనవారిని, మనవారు గానివారిని సైతము లెక్కలోనికి తీసికొన్న సంఘమే పెద్ద సంఘము.

కట్టనుండి నీరు ఊరిపోవుట మూడవది. ఊట చిన్నదిగనే కనబడును. తెల్లవాఱునప్పటికి చెఱువు ఖాళీ. మన సంపద యిట్లూరిపోవు రంధ్రములు మూడు: బోరుబావి, పెండ్లి, సారాయి. నల్లరేగడిపై ప్రత్తియో పప్పుసెనగయో వేసి నాలుగు రూకలు మిగుల్చుకొన్న రైతు, పొరుగువాడు మున్నూఱడుగులు దింపెనని తాను ఐదునూఱు దింపును. అది యెండిన నింకొకటి త్రవ్వును. నీరు పడకున్నను అప్పు మాత్రము తప్పక పడును. వానను పట్టి భూమికీయక, భూమినుండి తోడుటనే నేర్చిన పొదుపు ఎంతకాలము సాగును? గ్రామీణోపాధిహామీపథకము దేశమునందు మొట్టమొదట ఆరంభమైనది 2006వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీని మన జిల్లాలోని బండ్లపల్లెలోనే యని మఱవరాదు. చెఱువుల పూడిక తీయుటకు, నీటిగుంతలు త్రవ్వుటకు కూలి దొరకవలెనను హక్కునకు దేశమునకంతకును నాంది పలికిన సీమ, తన చెఱువులలో తుమ్మచెట్లు పెరుగనిచ్చుట తగదు. ఇక పెండ్లి మాట. 1961 నుండి వరకట్నము నేరము. కాని చట్టము పుస్తకమున నుండగా, కట్నము పందిరిలో నున్నది. ఒక రాత్రి విందునకై పదియేండ్ల పంటను కుదువ పెట్టిన తండ్రులు మన యీ సభలోనే యున్నారు. వారిని తప్పుపట్టము, ఏలయన వారు వెఱచినది దేవునికి గాదు, మనకే.

నాలుగవ దోషమైన మిట్టను గూర్చి మాటలాడుట కష్టము, అందువలననే మాటలాడవలెను. చెఱువు నడుమ మిట్ట యున్నచో, దూరమునుండి చూచువారికి చెఱువు నిండినట్లే యుండును, నిలువ మాత్రము తక్కువ. కులాభిమాన మట్టి మిట్ట. మనము కులసంఘముగ గూడితిమి. గూడుట తప్పుగాదు, చదువునకు దూరమైనవారు ఒకరి కొకరు తోడుగ నిలుచుటకే యిట్టి సంఘములు పుట్టినవి. కేరళలో 1903లో నారాయణగురువుగారి పేర ధర్మపరిపాలనసంఘ మేర్పడి, గుడితలుపులు తెఱవనివారికి బడితలుపులు తెఱచినది. ఆ గురువుగారే 1916లో తమకు కులభేదము లేదని ప్రకటించిరి. తెలుగునాట భాగ్యరెడ్డివర్మగారు 1917లో బెజవాడసభకు అధ్యక్షత వహించి, పంచములని పిలువబడువారు ఆదిఆంధ్రులని చాటిరి. వీరందఱును తమవారిని పైకి లేపిరి గాని, తమ క్రింద నింకొకరిని త్రొక్కిపట్టలేదు. మన సంఘమును అట్టి సంఘమేనా యని మనమే అడుగుకొనవలెను. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసి డెబ్బదియేండ్లు దాటెను. అయినను మన వీథుల మంచినీటికొళాయి యొద్ద ఎవరు ముందు, ఎవరు వెనుక అను తగవు తీరలేదు. కులము వెలుపల వివాహమాడిన బిడ్డను వెలివేయుటకును, తల్లిదండ్రులకు తప్పు వేయుటకును మన నిబంధనలలో నొక వాక్యము నేటికిని నిలిచియున్నది. 1954నాటి ప్రత్యేకవివాహచట్టము అనుమతించినదానిని మన తీర్మాన మెట్లు శిక్షించును? వేమనయోగి సమాధి గల కటారుపల్లె యీ సీమలోనిదే. ఆయన పేరు చెప్పి గర్వించుచు ఈ వాక్యమును దాచుకొనుట మనకు శోభింపదు.

ఈ మిట్టయొక్క రెండవ కొన ఆడపిల్ల. 2011నాటి జనాభా లెక్కలలో మన జిల్లాయందు అక్షరాస్యులు పురుషులలో నూటికి 73 మంది కాగా, స్త్రీలలో 54 మందియే. బడిలో మొదటివరుస మార్కులు తెచ్చుకొన్న బాలిక, తరగతి మాఱునప్పటికి పేరు మాత్రమే హాజరుపట్టీలో మిగిల్చి పోవుటను మేము ప్రతియేటను చూచితిమి. అడిగినచో బస్సు లేదనిరి, సంబంధము కుదిరినదనిరి. పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి కూడదని చట్టము. పదునాఱేండ్లకే కుదిరిన శుభలేఖలపై మన సంఘపెద్దల పేర్లు. తల్లి చదివిన యింట నీటిని పరీక్షింపుమని, బిడ్డకు రాగిజావ పెట్టుమని వేఱొకరు చెప్ప నక్కఱలేదు. మొదట చెప్పిన వ్యాధికి సైతము మందు ఇచ్చటనే యున్నది.

మిగిలినవి రెండు దోషములు: నీరు కొంచెమై పొలము పెద్దదగుట, నీరు మిక్కుటమై పొలము చిన్నదగుట. ఈ రెండును ఒకే సంఘమున నొకేకాలమున నుండుట వింత, కాని యున్నవి. మనలో కొందఱికి కలిగిన సంపద వారి యింటి నాలుగు గోడలలో నిలిచి మురుగుచున్నది. పెక్కుమందికి కలిగిన దంతయు పెదవి తడుపుటకే చాలకున్నది. తూము లేని చెఱువు కట్టకే ముప్పు. దాతలారా! మీ దానమును మేము తూమని భావించుచున్నాము. పొలమునకు పాఱించి కట్టను కాపాడునది తూమే.

కావున రేపటి నిర్ణయమును గూర్చి మా విన్నపము. పోగైన నిధితో కల్యాణమండపము కట్టవలెనని పలువురి యభిప్రాయము. మండపము గౌరవకరమే, కాని అది యేట పదిదినములు దీపములతో వెలిగి, తక్కిన దినములు తాళముతో నుండును. ఆ నిధితో బాలికలకు వసతిగృహము కట్టుదము. అందు నాలుగింట నొక స్థానమును మన కులము గాని పేదబాలికలకు విడుతము. పంక్తి యొకటే, కుండ యొకటే. ఆ గృహపు కప్పుపై పడిన ప్రతి వానచుక్కను తొట్టిలో పట్టుదము. ప్రతిగ్రామమునుండియు త్రాగునీటిని పరీక్షకు పంపి, ఫలితమును రచ్చకట్టపై తెలుగునను కన్నడమునను వ్రాయింతము. పెండ్లి ఖర్చునకు హద్దు పెట్టి, ఆ హద్దును మొదట సంఘపెద్దల యిండ్లనే పాటింతము. వెలి, తప్పు అను ఆ వాక్యమును నిబంధనలనుండి కొట్టివేయుదము. వీనికన్నిటికి నిధి చాలదని కొందఱందురు. నిజమే, చివరి రెంటికి మాత్రము పైసా పనిలేదు, ధైర్యము చాలును.

పోరుమామిళ్ల శాసనము చెప్పిన పండ్రెండు సాధనములలో మొదటిది ధర్మపరుడై కీర్తికోరు సంపన్నుడైన ప్రభువు. కడపటిది పనినేర్చిన మనుష్యులసమూహము. నేడు ప్రభువులు లేరు. ఆ రెండు స్థానములును ఈ సభలోనివారే పూరింపవలెను: దాతలు మొదటిదానిని, యువకులు రెండవదానిని. చెఱువు కట్టించినవాని మనుమలు మాత్రమే ఆ నీరు త్రాగవలెనని ఏ శాసనమునందును లేదు. పశువులు త్రాగును, బాటసారి త్రాగును, పేరు తెలియని పక్షి త్రాగును. మన సంఘము అట్టి చెఱువు కావలెనని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.