వైద్యవ్యాసములలో ఆధారముల పట్టిక

వైద్యపత్రికకు వ్యాసము పంపువారు చిట్టచివర, తొందరలో, తఱచుగా అర్ధరాత్రివేళ వ్రాయు భాగమొకటి గలదు. అదియే ఆధారముల పట్టిక. వ్యాసమునందలి ముఖ్యమైన ప్రతి మాటకును సాక్షి యెవరు, ఆ సాక్ష్యము ఏ పత్రికలో, ఏ సంపుటములో, ఏ పుటలో నున్నది యనునది అందు చెప్పవలెను. ఇది గుమాస్తాపని యని భావించువారు పలువురు గలరు. శ్రోతలలో వైద్యులు కానివారు, 'ఈ చుక్కల గొడవ మాకేల?' యని రేడియో కట్టివేయుటకు ముందు కొంచె మోపిక పట్టవలెనని ప్రార్థన. రోగి చేతిలోని మాత్రకును ఈ పట్టికకును గల సంబంధము నింతలో మనవిచేసెదము.

మూలము చెప్పుట మనకు క్రొత్త గాదు. మల్లినాథసూరి కాళిదాసుని పదమున కర్థము చెప్పి, 'ఇత్యమరః' యని నిఘంటువును సాక్షిగా నిలుపును. ఆ యొక్కమాట చాలును. చదువరి అమరకోశము తెఱచి చూచుకొనగలడు. అయితే అమరకోశ మొక్కటి, వైద్యపత్రికలు వేలకొలది. కావున నిచ్చట చిరునామా పూర్తిగా నుండవలెను.

ఆ చిరునామా వ్రాయుటలో ఒకప్పుడు ప్రతి పత్రికకును తన పద్ధతి తనకుండెడిది. ఒక పత్రిక తిరుగగొట్టిన వ్యాసమును వేఱొక పత్రికకు పంపవలెనన్న పట్టిక నంతయు మరల టైపు చేయవలసివచ్చెడిది. 1978లో కొందఱు వైద్యపత్రికా సంపాదకులు కెనడా దేశమునందలి వాంకూవరు నగరమున సమావేశమై, వ్రాతప్రతుల కొక ఉమ్మడి రూపము నేర్పఱచిరి. మఱుసటి యేడు ప్రకటితమైన ఆ నియమములలో ఆధారములు వ్రాయు తీరు అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయము రూపొందించినది. నేటికిని దానిని వాంకూవరు పద్ధతి యనియే పిలుచుచున్నారు.

పద్ధతి సులభమే. వ్యాసములో ఏ యాధారము మొదట వచ్చునో దానికి ఒకటవ సంఖ్య, తరువాతిదానికి రెండవ సంఖ్య. ఒకసారి ఇచ్చిన సంఖ్య ఆ యాధారమునకు కడదాక నిలుచును. పట్టికలో ముందు రచయితల పేర్లు, పిదప వ్యాసశీర్షిక, పత్రికపేరు సంక్షిప్తముగా, సంవత్సరము, సంపుటము, పుటలు వచ్చును. రచయితలు ఆరుగురికి మించినచో మొదటి ఆరుగురిని పేర్కొని తక్కినవారిని 'తదితరులు' అనుటయు పరిపాటియే.

పేర్ల విషయమున మాత్రము మన తెలుగువారికి ఒక చిక్కు గలదు. భీమవరమున జన్మించి అమెరికాలో కీర్తిగాంచిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కెగారితో కలసి, భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రకటించిరి. సంపుటము 66, పుటలు 375 మొదలు 400 వఱకు. ప్రపంచమంతట ఆ వ్యాసము నుదాహరించువారు 'సుబ్బారో వై' యని వ్రాయుదురు. పాశ్చాత్యుల పట్టిక ఇంటిపేరు ముందుండవలె ననును. కాని యిచ్చట ఇంటిపేరైన యల్లాప్రగడ ఒక్క యక్షరముగా మిగిలి, పెట్టినపేరు ఇంటిపేరై కూర్చున్నది! దీనిని సవరింపబూనుట వలదు. వ్యాసముపై పేరెట్లు అచ్చయినదో పట్టికలో అట్లే గ్రహింపవలెను. లేనిచో సూచికలో ఒక్క మనిషి ఇద్దఱగును. రచన కారంభించు యువవైద్యులు తమ పేరును తొలి వ్యాసమున ఏ రీతిగా వ్రాసిరో తుదివఱకు ఆ రీతినే వ్రాయుట మేలు.

ఇక ఈ నియమములలో మిక్కిలి అల్పముగా గానవచ్చు దానిని జూతము. ఉదాహరించునది పరిశోధనవ్యాసము గాక సంపాదకునికి వ్రాసిన ఉత్తరమైనచో, శీర్షిక వెంట 'లేఖ' యని కుండలీకరణములలో సూచింపవలెను. ఒక్క మాట. దానిని వదలివేసిన నేమగును?

1980 జనవరిలో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అను పత్రికలో, 302వ సంపుటము 123వ పుటలో, పోర్టర్, జిక్ అను నిద్దఱు వ్రాసిన ఉత్తరమొకటి వెలువడెను. అందున్నవి అయిదు వాక్యములు. ఆసుపత్రిలో చేరిన రోగులలో 11,882 మందికి నల్లమందు జాతి మందు కనీస మొక్కటి యీయబడెననియు, పూర్వము వ్యసనము లేనివారిలో తగిన దాఖలాతో వ్యసనము కనబడినది నలుగురిలో మాత్రమే యనియు అందలి సారాంశము. శీర్షిక మాత్రము, అట్టి మందులు వాడిన రోగులలో వ్యసన మరుదు అని నిర్ధారణగా నుండెను. ఇంటికి పోయి నెలల తరబడి ఆ మాత్రలు మ్రింగువారి సంగతి ఆ లేఖలో లేదు. లేఖ అసత్యము గాదు. దాని పరిధి చిన్నది.

పట్టికలో ఆ శీర్షికను, ఆ గొప్ప పత్రికపేరును చూచిన చదువరి, ఇది పెద్ద పరిశోధన కాబోలు ననుకొనును. పుట సంఖ్య యొక్కటే యుండుట చూచి అనుమానపడువా రెందఱు? 2017లో కెనడా పరిశోధకులు లెక్కతీసి అదే పత్రికలో ప్రకటించిరి. ఆ లేఖను 608 రచనలు ఉదాహరించినవి. వానిలో 439, అనగా నూటికి 72, వ్యసన మరుదనుటకు దానినే ప్రమాణముగా జూపినవి. వారు ఆసుపత్రిలోని రోగులన్న మాట 491 రచనలలో లేనేలేదు! 1995 చివర ఆక్సీకాంటిన్ అను మందునకు అమెరికాలో అనుమతి లభించిన పిమ్మట ఈ యుదాహరణలు మిక్కుటమయ్యెను. 1999 మొదలు 2019 వఱకు ఆ దేశమున నల్లమందు జాతి మందులు, మత్తుపదార్థములు మోతాదు మించి మరణించినవారు సుమారు 5 లక్షలు. ఇంత విపత్తును ఒక్క లేఖకు అంటగట్టుట న్యాయము గాదు. అమ్మకపు ప్రచారము, దొంగవ్యాపారము మున్నగు కారణము లనేకములు. అయినను నొప్పితో వచ్చిన రోగికి 'భయము లే'దని చెప్పిన వైద్యులలో ఎందఱో ఆ మాటను నమ్మియే చెప్పిరి. పిదప పత్రికవారు ఆ పాత లేఖకు హెచ్చరిక నొకదానిని జతచేసిరి.

ఒకరి పట్టికనుండి మఱియొకరు ఎత్తివ్రాయుటయే దీనికి మూలము. ఉదాహరించిన ప్రతి రచనను స్వయముగా చదువవలెనని మా యభిప్రాయము. సంగ్రహము చదివి ఊరకుండుట చాలదు. తరువాతి కాలమున ఉపసంహరింపబడిన వ్యాసమును తెలియక ప్రమాణముగా చూపుటయు గలదు; దానిని పరిశీలించు బాధ్యత రచయితదే యని సంపాదకుల నియమము. ముఖతః విన్న మాటలను పట్టిక కెక్కింపరాదు. తప్పనిసరియైనచో, చెప్పినవారి పేరును తేదీని వ్యాసములోనే కుండలీకరణములలో వ్రాయుదురు.

చుక్కలు, కామాలు అమర్చు పని నేడు కంప్యూటరు చేసిపెట్టుచున్నది, సంతోషమే. కాని అడిగినదే తడవుగా పట్టికను అల్లియిచ్చు క్రొత్త యంత్రములును వచ్చినవి. వానితో మెలకువగా నుండవలెను. అవి కొన్ని వేళల లేని వ్యాసమునకు ఉన్న పత్రికపేరు, నమ్మదగిన రచయితల పేర్లు, సంపుటము, పుటలు సమస్తమును వాంకూవరు పద్ధతిలో ఒక్క చుక్క తప్పకుండ వ్రాసియిచ్చును. ఆ సంపుటము తెఱచి ఆ పుట చూచినచో, అచ్చట వేఱొకరి వ్యాస ముండును.