‘ఫండ్స్ లేవు’ అంటే ఏ ఫండ్స్ లేవు? మా ఊరి గ్రామసభలో నా స్లైడ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో నా పరువు కొంచెం పోతుంది, అయినా చెప్తాను.

2022లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఊర్లోనే ఉన్నా. ఊరు తెలంగాణలోనే, పేరు మాత్రం చెప్పను. చెప్తే మా నాన్న ఫోన్ చేస్తాడు. ఒకరోజు గ్రామసభ అని డప్పు చాటింపు వినిపించింది. అప్పటిదాకా గ్రామసభ అంటే పెద్దోళ్లు కూర్చుని టీ తాగి సంతకాలు పెట్టేది అనుకునేవాణ్ణి. కానీ మా గల్లీకి సీసీ రోడ్డు లేదు. వానొస్తే బండి బయటికి తీయలేం. ఇదే ఛాన్స్ అనుకుని ఆరు స్లైడ్లు రెడీ చేశా. ఫోటోలు, కొలతలు, ఖర్చు లెక్క, అన్నీ. అచ్చం క్లయింట్‌కి డెమో ఇచ్చినట్టు.

వెళ్లి చూస్తే పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, కుర్చీలు, ఒక మైకు. ప్రొజెక్టర్ ఎక్కడిది? ఎండలో ల్యాప్‌టాప్ స్క్రీన్ కూడా కనపడలేదు. సరేలే అని నోటితోనే చెప్పేశా. అంతా విని పంచాయతీ కార్యదర్శి ఒక్క మాటన్నాడు, ‘తమ్ముడూ, రోడ్డుకు ఫండ్స్ లేవు.’

నాకు మండింది. ‘ఆర్థిక సంఘం డబ్బులు వచ్చినయ్ కదన్నా’ అన్నా. ఆయనేం కోప్పడలేదు. ‘వచ్చినయ్. కానీ అన్నీ రోడ్డుకు పెట్టనీయరు’ అన్నాడు.

ఇక్కడ కొంచెం స్లోగా చెప్తాను, ఎందుకంటే ఇది నాకు బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు. అప్పుడు నడుస్తున్నది 15వ ఆర్థిక సంఘం. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే ఆ గ్రాంట్‌లో 2021-22 నుంచి 60 శాతం ‘టైడ్’, అంటే ముందే ముడేసిన డబ్బు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. వేరే దానికి వాడకూడదు. మిగిలిన 40 శాతం ‘అన్‌టైడ్’. అది ఊరి అవసరాన్ని బట్టి వాడొచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. అప్పట్లో పది లక్షలు వచ్చాయనుకోండి, ఆరు లక్షలు నీళ్లకీ శుభ్రతకీ పోయేవి. రోడ్లు, వీధి లైట్లు లాంటివన్నీ మిగతా నాలుగు లక్షల కోసం కొట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి ‘ఫండ్స్ లేవు’ అని ఎవరైనా అంటే, ఏ ఖాతాలో లేవు అని అడగండి. కొన్నిసార్లు ఆ మాట నిజమే. కొన్నిసార్లు కాదు.

నేను వెంటనే ‘అయితే ఆ నాలుగులోంచి ఇవ్వండి’ అన్నా. మా గల్లీవాళ్లు నలుగురు చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు వెనక కూర్చున్న ఒకామె లేచింది. కింది వాడలో ఉంటుంది, మా అమ్మ కంటే పెద్దది. మైకు కూడా తీసుకోలేదు. ‘బిడ్డా, మీ గల్లీల రోడ్డు పోస్తే ఆ నీళ్లు యాడికి వస్తయ్? మా ఇండ్లల్లకే గదా!’

నా ఆరు స్లైడ్లలో ఈ ప్రశ్న లేదు. మా గల్లీ ఎత్తులో ఉంటుంది. మట్టి కాబట్టి కొంత నీళ్లు ఇంకుతున్నాయి. సిమెంటు పోస్తే మొత్తం నేరుగా కిందికే. అక్కడ అసలు మోరీయే లేదు. వానాకాలం వస్తే ఇంట్లోకి వచ్చిన మురికినీళ్లు చెంబులతో ఎత్తి పోసుకుంటారట. పాతికేళ్లు అదే ఊర్లో పెరిగా కదా, ఒక్కసారి కూడా ఆ వాడలోకి వానలో వెళ్లి చూడలేదు.

ఆ మాట తర్వాత సభ మూడ్ మారిపోయింది. మురుగు కాలువ పారిశుద్ధ్యం కిందికి వస్తుంది, టైడ్ డబ్బుతోనే చేయొచ్చు అని కార్యదర్శి చెప్పాడు. చేతులెత్తమన్నారు. కింది వాడ మోరీ ఫస్ట్, మా రోడ్డు తర్వాత. నేను కూడా చెయ్యెత్తా. మనస్ఫూర్తిగా అని చెప్పను, అందరూ నన్నే చూస్తున్నారు కాబట్టి ఎత్తా. మా గల్లీవాళ్లు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి గూగుల్ చేస్తుంటే బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే అనే సిటీ దొరికింది. అక్కడ 1989 నుంచి సిటీని ఏరియాలుగా విడగొట్టి, జనాన్నే కూర్చోబెట్టి బడ్జెట్‌లో ఏం ముందో తేల్చమన్నారు. నాకు నచ్చిందేంటంటే వాళ్ల మార్కుల పద్ధతి. ఏరియాలో ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏది ముందు అడిగారు అన్నవాటితో పాటు, ఆ సౌకర్యం వాళ్లకి ఎంత తక్కువగా ఉంది అన్నదానికీ మార్కులు. ఆమె ఒక్క ప్రశ్నలో చెప్పింది ఇంచుమించు ఇదే.

మీ ఊర్లో ఇది ఎలా చూడాలి అంటారా? ఈగ్రామ్‌స్వరాజ్ అని కేంద్రం పోర్టల్ ఉంది, యాప్ కూడా ఉంది, 2020లో తెచ్చారు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ సెలెక్ట్ చేస్తే ఏ ఏడాది ఏ పని ప్లాన్‌లో పెట్టారో కనిపిస్తుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. తర్వాతి ఏడాది ప్లాన్ తయారీ మామూలుగా అక్టోబర్ 2న మొదలవుతుంది, అప్పుడు అడిగితే పనవుతుంది. ప్లాన్ అప్‌లోడ్ అయ్యాక వెళ్లి అరిస్తే గొంతు నొప్పే. ఇంకోటి, తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివి సంతకం పెట్టండి. మా సభలో చాలామంది ఖాళీ పేజీ మీదే పెట్టేస్తున్నారు, నేను కళ్లారా చూశా.

చిన్న తిరకాసు ఉంది. రాజ్యాంగం లెక్కలో ఊరి ఓటర్ల లిస్టులో పేరున్నవాళ్లే గ్రామసభ సభ్యులు. ఓటు హైదరాబాద్‌కి మార్చుకుని ఊరి గ్రూప్‌లో లెక్చర్లు ఇచ్చేవాళ్లు, మీరు లెక్కలోకి రారు, సారీ. చిన్న మున్సిపాలిటీల్లో ఉన్నవాళ్లకి 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు ఉండాలి, అందులో ఒకటి యువతకే. మీ వార్డులో అది ఉందా అని ఆఫీసుకెళ్లి అడగండి.

మోరీ సంగతి అడుగుతారు కదా. దాదాపు ఏడాది పట్టింది. ఒకచోట వాలు సరిగ్గా రాలేదు, నీళ్లు నిలుస్తున్నాయి, దాని మీద మళ్లీ సభలో గొడవైంది. ఇండ్లలోకి మాత్రం రావట్లేదు. మా గల్లీ రోడ్డు ఇంకా లిస్టులోనే ఉంది. నా బండి ఇప్పటికీ వానొస్తే గల్లీ మొదట్లోనే పార్క్ చేస్తున్నా.

మీ పంచాయతీ ప్లాన్‌లో మొదటి పని ఏముందో చూసి కామెంట్స్‌లో పెట్టండి. కొన్ని తీసుకుని వచ్చే వారం చదువుదాం. ఉంటా మరి, బై.