గులాబీలలో పోలికలు – తేడాలు



ఈ రోజు గులాబీలను గుర్తుపట్టే సంగతి చెప్పుకుందాం. "గుర్తుపట్టడానికి ఏముందండీ, పువ్వు చూస్తే తెలియదా?" అని మీరు అనవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రిందట ఎర్ర గులాబీ అంటు ఒకటి కొని మా పెరట్లో నాటాను. మొదటి ఏడు పిడికిలంత ఎర్రని పూలు పూసింది. రెండో ఏడు అవి తగ్గాయి. మూడో ఏటికి మొక్క గుబురుగా, నిలువెత్తు పెరిగింది గాని, పూసినవన్నీ చిన్న చిన్న గులాబిరంగు పూలు. మా ఇంటావిడ "నేల పడక రంగు మారింది" అన్నది. పక్కింటి పెద్దాయన "ఎరువు వేడి చేసింది" అన్నాడు. నేను అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తీరా మొదలు త్రవ్వి చూస్తే నేల తప్పూ లేదు, ఎరువు తప్పూ లేదు, అమ్మినవాడి తప్పూ లేదు. రంగు మారలేదు. మొక్కే మారిపోయింది!

అదెట్లా అంటారా? మనం కొనే మేలురకం గులాబీ నిజానికి ఒక మొక్క కాదు, రెండు మొక్కలు. అడుగున మోటు రకం వేరు మొక్క వుంటుంది. దాని కాండం మీద మేలురకపు కన్ను అతికి కడతారు. ఆ కన్ను చిగిర్చి పైన కొమ్మలవుతుంది. నీరూ ఎరువూ తీసుకొనేది క్రింది మొక్క, పూసేది పైమొక్క. అయితే క్రింది మొక్క వూరుకోదు. అతుకు క్రింది నుంచి తానూ పిలకలు వేస్తుంది. వేళ్ళు తనవి గదా, అందుకని ఆ పిలకలు బలంగా, ఏపుగా పోతాయి. వాటిని చూసి మనం "మొక్క బాగా సాగింది" అని సంతోషిస్తాం. కత్తిరింపు వేళకు బలహీనంగా వున్న మేలు కొమ్మలను తీసివేసి, బలంగా వున్న పిలకలను వుంచుతాం. ఇంటి పిల్లవాణ్ణి పస్తుంచి, పొరుగు పిల్లవాడికి పాలు పోసినట్లవుతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

మరి పిలకను గుర్తించడం ఎలా? "ఏడాకులుంటే మోటుది, అయిదాకులుంటే మంచిది" అని చాలామంది లెక్కపెడతారు. ఈ లెక్క అన్నివేళలా నిలవదు. మేలురకాలలో కూడా బలమైన లేత కొమ్మకు ఏడేసి ఆకులు రావచ్చు. ఆ లెక్క నమ్ముకొని మంచి కొమ్మను కోసుకున్నవాళ్ళున్నారు. లేత చిగురు ఎర్రగా వుంటే మేలుది, పచ్చగా వుంటే పిలక అనే గుర్తు కూడా అన్ని రకాలకూ వర్తించదు. అవి అనుమానం కలిగించడానికి పనికివస్తాయి గాని, తీర్పు చెప్పడానికి చాలవు.

తీర్పు చెప్పేది ఒక్కటే: కొమ్మ ఎక్కడ నుంచి పుట్టిందో చూడాలి. మొదట్లో కన్ను అతికిన చోట బుడిపెలాగా ఉబ్బి వుంటుంది. మట్టి కప్పి వుంటే మెల్లగా తొలగించి చూడండి. బుడిపె పైనుంచి వచ్చినది మీ కొమ్మ. దాని క్రింది నుంచి వచ్చినది పిలక. పిలకను నేల మట్టానికి కోసి వదిలితే లాభం లేదు. మిగిలిన మోడు నుంచి ఒకటికి నాలుగు లేస్తాయి. మొదలంటా మట్టి తీసి, పుట్టిన చోటు పట్టుకొని, క్రిందికి లాగి చీల్చివేయాలి. అప్పుడు దాని కన్నులు కూడా పోతాయి.

ఇక ఆ క్రింది మొక్క ఏ జాతిదో తెలుసుకోవడం కష్టం కాదు. ఆకు కాడ మొదట ఇరుప్రక్కలా అంటుకొని సన్నని రెక్కలుంటాయి. అవి దువ్వెన పళ్ళలాగా చీలి వుండి, ఆకుకు ఏడు తొమ్మిది చిట్టి ఆకులుండి, చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తే అది మల్టీఫ్లోరా. మా పెరట్లోదానిలాగా గుప్పుమని వాసన కొట్టే ముదురు గులాబిరంగు పూలు పూస్తే, అది చాలావరకు ఎడ్వర్డ్ గులాబీ. దీని కొమ్మ ముక్కలు సులువుగా వేరు పోసుకుంటాయి. అందుకే అంట్లకు క్రింది మొక్కగా వాడతారు. దండలకూ విడిపూలకూ దీన్ని విడిగా సాగు చేసేవారూ వున్నారు.

ఇక్కడ ఇంకొక చిక్కు వుంది. పన్నీరు గులాబీ అనే పేరు ఎడ్వర్డ్‌కూ చెబుతారు, డమస్క్ గులాబీకీ చెబుతారు. రెండూ గులాబిరంగువే, రెండూ వాసనవే. అత్తరుకు ప్రసిద్ధి పొందినది డమస్క్. కిలో నూనె తీయడానికి మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఉత్తరాన అలీగఢ్, హాత్రస్, కన్నౌజ్ ప్రాంతాలలో పన్నీరుకూ అత్తరుకూ వాడేది ఇదే. అక్కడ చైత్రంలో ఒక్కసారే పూస్తుంది గనుక దీన్ని చైతీ గులాబీ అంటారు. పాలంపూర్ పరిశోధన సంస్థవారి జ్వాల, హిమ్‌రోజ్ రకాలు ఈ జాతివే.

ఈ పోలిక వుత్తినే రాలేదు. 1817 ప్రాంతంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో, అప్పటి పేరు బూర్బన్, ఒక కొత్త గులాబీ కనబడింది. అక్కడి కంచెలలో ప్రక్కప్రక్కన పెరిగే డమస్క్, చైనా గులాబీల కలయికే అది. ఎడ్వర్డ్ ఆ వంశానిదే. వాసన డమస్క్ వైపు నుంచి వచ్చింది. ఏడాది పొడుగునా పూసే గుణం చైనా వైపు నుంచి వచ్చింది.

రెండింటినీ ప్రక్కన పెట్టుకొని చూడండి. డమస్క్ కొమ్మ నిండా ముళ్ళే. పెద్దవీ చిన్నవీ, వంకరవీ నిటారువీ, నూగు ముళ్ళూ కలగలిసి వుంటాయి. ఎడ్వర్డ్‌కు ముళ్ళు తక్కువ, వున్నవి కొక్కెంలాగా వంగి వుంటాయి. డమస్క్ ఆకు లేతపచ్చగా వుండి, అడుగున నూగుతో మెత్తగా తగులుతుంది. ఎడ్వర్డ్ ఆకు నున్నగా వుంటుంది. పువ్వు విచ్చినప్పుడు డమస్క్ మొగ్గను కప్పిన పచ్చని రెక్కలు వెనక్కి మడిచి పడతాయి. పువ్వు క్రింది భాగం సన్నగా, పొడుగ్గా వుంటుంది. వీటన్నిటికంటె పెద్ద గుర్తు కాలం. చైత్రం దాటి, వానాకాలంలోనూ, మార్గశిరంలోనూ పూస్తూనే వుంటే అది చైతీ గులాబీ కాదు.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటారా? డమస్క్‌కు చలి కావాలి. చలి తగలని చోట ఆకు పెంచుతుంది గాని పూత సరిగా రాదు. కోస్తా రైతు "అత్తరు గులాబీ" అన్న మాట నమ్మి ఎకరం నాటితే, ముళ్ళకంచె మిగులుతుంది గాని పూలబుట్ట నిండదు. దండల పూలకు ఎడ్వర్డ్ కావాలి. అదే ఎడ్వర్డ్, కన్ను చచ్చిపోయిన అంటుగా మీ చేతికి వస్తే ఎర్ర గులాబీ ఆశ అడుగంటుతుంది.

కనుక కడియం తోటలకు వెళ్ళినా, మీ వూరి సంతలో కొన్నా, మూడు సంగతులు మరువవద్దు. మొదటిది, పేరు విని కొనవద్దు, పూతలో వున్నప్పుడు చూసి కొనండి. రెండోది, అతుకు బుడిపె ఎక్కడుందో, దాని పైన చిగురు బ్రతికి వుందో లేదో వేలితో తడిమి చూడండి. మూడోది, నాటేటప్పుడు అతుకును మట్టిలో కప్పివేయకండి. అది కంటికి కనబడుతూ వుంటేనే పిలక తెలుస్తుంది.

మా పెరటి మొక్క మొదట్లో, అతుకు పైన, వేలెడంత ఎర్ర కొమ్మ ఒకటి ఇంకా పచ్చగా మిగిలి వుంది. పిలకలన్నీ చీల్చివేశాను. మరుసటి ఏడు అది ఒక్క పువ్వు పూసింది. ఎర్రదే!

రేపు ఉదయం మీ గులాబీ దగ్గర కూర్చొని మొదలు చూడండి. పువ్వు సంగతి తరువాత. సెలవు.